రూపాయి, పౌను మారకపు రేటు – నేతగానికి దానితో పని ఏమి?

“పౌను పడిపోయినది, కాబట్టి ఈ దఫా గుడ్డకు పాత ధర ఇవ్వజాలము” అని ఎగుమతి వర్తకుడు సంఘమునకు వ్రాయును. “రూపాయి పడిపోయినది, కాబట్టి రంగుల ధర పెంచవలసి వచ్చినది” అని మరికొన్ని నెలలకు రంగుల వర్తకుడు చెప్పును. రెండు మాటలును నిజమే కావచ్చును. కాని “పౌను పెరిగినది, కాబట్టి ఈ దఫా మజూరీ పెంచి ఇచ్చుచున్నాము” అని వచ్చి చెప్పినవారు మాత్రము అరుదు. ఇది ఎందువలన జరుగుచున్నదో తెలియవలెనన్న, మారకపు రేటు అనగా ఏమి, అది గడచిన నూటయేబది యేండ్లలో ఎట్లు మారినది, మారినప్పుడెల్ల మగ్గము మీద దాని దెబ్బ ఎట్లు పడినది అను సంగతులు మన సభ్యులు తెలిసికొనుట అవసరము. షోలాపురములో ఉన్నను, సేలములో ఉన్నను, బరంపురములో ఉన్నను, ఈ లెక్క మన అందరికిని ఒక్కటే. కాబట్టి తెలిసినంతవరకు ఇచ్చట సులభముగా వివరించుచున్నాము.

లెక్క చెప్పు విధము

ఒక దేశపు నాణెమునకు మరొక దేశపు నాణెములో చెప్పు ధరయే మారకపు రేటు. నూలుకు ధర ఉన్నట్లే పౌనుకును ధర ఉన్నది. నేడు మనము “పౌనుకు ఇన్ని రూపాయలు” అని చెప్పుకొనుచున్నాము. పూర్వము తలక్రిందులుగా “రూపాయికి ఇన్ని షిల్లింగులు, ఇన్ని పెన్సులు” అని చెప్పెడివారు. అప్పటి పౌనుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్సులు. అనగా పౌనుకు 240 పెన్సులు. మన రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైసలు. ఈ సంగతి జ్ఞాపకముంచుకొన్న పాత కాగితములలోని రేటు మనమే లెక్కవేసికొనవచ్చును.

రూపాయికి 2 షిల్లింగులైన, పౌను 10 రూపాయలు.
రూపాయికి 1 షిల్లింగు 6 పెన్సులైన, పౌను 13 రూపాయల 5 అణాల 4 పైసలు.
రూపాయికి 1 షిల్లింగు 4 పెన్సులైన, పౌను 15 రూపాయలు.
రూపాయికి 1 షిల్లింగు 3 పెన్సులైన, పౌను 16 రూపాయలు.

పెన్సులు తగ్గినకొలది పౌను ప్రియమగుచున్నది. పౌను ప్రియమైన, సీమ నుండి వచ్చు సరుకునకు మనము ఎక్కువ రూపాయలు ఇవ్వవలెను. మనము సీమకు పంపిన సరుకునకు ఎక్కువ రూపాయలు వచ్చును. పౌను చౌకయైన దీనికి వ్యతిరేకము. కొనువానికి మేలైనది అమ్మువానికి కీడు. నేతగాడు నూలు, రంగు కొనువాడును అగును, గుడ్డ అమ్మువాడును అగును. అందువలననే ఈ కత్తికి రెండువైపుల పదును ఉన్నదని మనము మొదటనే గ్రహింపవలెను.

వెండి రూపాయి

1835 నాటి నాణెముల చట్టముతో కంపెనీవారి పాలనలోని ప్రాంతమంతటికిని ఒకే రూపాయి ఏర్పడినది. అది 180 గ్రెయినుల తూకము గలది. అందులో 165 గ్రెయినులు మేలిమి వెండి. ఇంగ్లాండు నాణెము బంగారముది. కాబట్టి రూపాయికి, పౌనుకు మధ్య రేటు అనగా వెండికి, బంగారమునకు మధ్య రేటే. 1870 ప్రాంతము వరకు రూపాయి 2 షిల్లింగులకు కొంచెము తక్కువగా నిలకడగా ఉండెడిది.

1871 తరువాత జర్మనీ వెండి నాణెమును విడిచి బంగారమునకు మారినది. మరికొన్ని దేశములు ఆ దారినే నడచినవి. అమెరికా గనులలో వెండి విస్తారముగా దొరకినది. వెండి ధర పడిపోయినది, దానితో రూపాయియు పడిపోయినది. 1892–93 నాటికి రూపాయికి 1 షిల్లింగు 3 పెన్సులు కూడ సరిగా రాలేదు.

రూపాయి పడినప్పుడు మాంచెస్టరు గుడ్డ ప్రియమై, మన గుడ్డకు గిరాకీ పెరుగవలెను గదా అని అడుగవచ్చును. లాంకషైరు మిల్లువారు ఆ మాటే చెప్పి గోల చేసిరి. బొంబాయి మిల్లులు చీనా దేశమునకు నూలు అమ్మి బాగుపడినవి. కాని మన మగ్గములకు అంత మేలు జరుగలేదు. ఆ యేండ్లలోనే బంగారపు నాణెములో లెక్కించిన ధరలు కూడ తగ్గుచు వచ్చినవి. సీమ గుడ్డ పౌన్లలో చౌకయైనది. రూపాయి పడినంత మేరకు ఇక్కడ ధర పెరుగలేదు. రేటును మాత్రమే చూచి, సరుకు ధరను చూడనివాడు సగము లెక్కయే చూచినవాడగును.

ప్రభుత్వమునకు వేరొక బాధ కలిగినది. సీమలో పింఛనులకు, వడ్డీలకు, సామానుకు ప్రతి సంవత్సరము పౌన్లలో చెల్లింపవలసిన సొమ్ము ఉండెడిది. రూపాయి పడినకొలది అదే పౌన్ల కొరకు ఎక్కువ రూపాయలు పన్నుల రూపమున వసూలు చేయవలసి వచ్చినది. హర్షెల్ కమిటీ సిఫారసు మీద 1893 జూన్ 26న, వెండి తెచ్చినవారికెల్ల రూపాయలు కొట్టి ఇచ్చు పద్ధతిని టంకశాలలలో నిలిపివేసిరి. రూపాయలు కొరతపడగా వాటి విలువ క్రమముగా పెరిగినది. 1899లో సవరను 15 రూపాయలకు చెల్లునని శాసనము చేసిరి. అనగా రూపాయికి 1 షిల్లింగు 4 పెన్సులు. మొదటి ప్రపంచ యుద్ధము వరకు ఇదియే స్థిరముగా నిలిచినది.

1920 నాటి దెబ్బ

యుద్ధకాలములో వెండి ధర విపరీతముగా పెరిగినది. రూపాయిని కరగించి వెండిగా అమ్మిన లాభము వచ్చు స్థితి ఏర్పడినది. 1917 నుండి ప్రభుత్వము రేటును మెట్టుమెట్టుగా పెంచుచు వచ్చినది. 1919లో కూర్చున్న బాబింగ్టన్ స్మిత్ కమిటీ రూపాయికి 2 షిల్లింగుల బంగారపు విలువ ఉంచవలెనని చెప్పినది. ఆ కమిటీలోని దాదీబా దలాల్ ఒక్కరు అసమ్మతి తెలిపి, పాత 1 షిల్లింగు 4 పెన్సులే ఉంచవలెనని వ్రాసిరి. 1920 ఫిబ్రవరిలో ప్రభుత్వము 2 షిల్లింగులకే ఒప్పుకొన్నది.

ఇక పౌను 10 రూపాయలే గదా అని వర్తకులు సీమకు గుడ్డలకు, నూలుకు పెద్ద పెద్ద ఆర్డరులు పంపిరి. ఇంతలో వెండి ధర పడినది, మన ఎగుమతులు తగ్గినవి. రేటును నిలబెట్టుటకు ప్రభుత్వము ఆ సంవత్సరము లండనులో ఉన్న నిధి నుండి సుమారు 5 కోట్ల 50 లక్షల పౌన్లు అమ్మినను నిలువలేదు. 1921 నాటికి రూపాయి 1 షిల్లింగు 4 పెన్సులకన్న క్రిందికి జారినది.

దీని ఫలితము చూడుడు. 1 పౌను ధర గల నూలు మోపును 10 రూపాయల లెక్కన ఆర్డరు చేసిన వర్తకుడు, సరుకు రేవునకు చేరునప్పటికి 16 రూపాయలు కట్టవలసి వచ్చినది. నూలు అదే, తూకము అదే, సీమ మిల్లువాడు అడిగిన ధర అదే. మారినది రేటు ఒక్కటే. ఢిల్లీ మొదలైన పట్టణముల గుడ్డల వర్తకులు, 2 షిల్లింగుల రేటు రానిదే సరుకు విడిపించబోమని తీర్మానములు చేసిరి. ఆర్డరు వేసిన నాటి రేటు వేరు, డబ్బు చెల్లించు నాటి రేటు వేరు. ఈ రెండు తేదీల నడుమనే వర్తకము బ్రతుకుటయో చచ్చుటయో జరుగును.

పదునారా, పదునెనిమిదా

1925లో హిల్టన్ యంగ్ కమిషను ఏర్పడినది. రూపాయికి 1 షిల్లింగు 6 పెన్సులు, అనగా 18 పెన్సులు ఉంచవలెనని 1926లో వారు చెప్పిరి. అందులో సభ్యులైన సర్ పురుషోత్తమదాస్ ఠాకూర్‌దాస్ 16 పెన్సులే ఉండవలెనని అసమ్మతి పత్రము వ్రాసిరి. రెండు పెన్సుల కొరకు దేశమంతట సభలు, వాదములు జరిగినవి. చివరకు 1927లో 18 పెన్సులే చట్టమైనది.

రెండు పెన్సులకు ఇంత రభస ఎందుకనగా, 1 పౌను ధర గల సీమ గుడ్డ 15 రూపాయలకు బదులు 13 రూపాయల 5 అణాల 4 పైసలకే దిగుమతియగును. తేడా 1 రూపాయి 10 అణాల 8 పైసలు. ఇది విదేశీ మిల్లునకు ఇచ్చిన బహుమానము వంటిదని బొంబాయి మిల్లువారు వాదించిరి. పత్తి, వేరుశనగ పండించి విదేశములకు అమ్ము రైతునకు అదే తేడా నష్టము.

చేనేతవారి సంగతి ఏమి? ఆనాడు సన్న నూలు చాలవరకు సీమ నుండి, తరువాత జపాను నుండి వచ్చెడిది. సన్నరకపు ధోవతులు, చీరెలు నేయువారికి 18 పెన్సుల రేటు వలన నూలు కొంత చౌకయైనది. కాని అదే రేటుతో సీమ ధోవతి కూడ చౌకయై మన ధోవతి ప్రక్కనే దుకాణములో కూర్చున్నది. నూలు గుడ్డ ధరలో ఒక భాగము మాత్రమే. సీమ ధోవతి తగ్గుదల మొత్తము ధర మీద. కాబట్టి నూలు మీద వచ్చిన లాభము గుడ్డ అమ్మకములో పోయినది. ముతక నేయువారు దేశవాళీ మిల్లు నూలే వాడుదురు గనుక వారికి ఆ లాభము కూడ లేదు.

1931 సెప్టెంబరులో ఇంగ్లాండు బంగారమును విడిచినప్పుడు రూపాయిని అదే 18 పెన్సులకు పౌనుతో ముడివేసిరి. ఆ సంవత్సరము డిసెంబరులో జపాను కూడ బంగారమును విడిచి, దాని యెన్ను బాగుగా పడిపోవుటచే జపాను గుడ్డ వెల్లువవలె వచ్చినది. ప్రభుత్వము 1932లో ఇంగ్లాండువి కాని గుడ్డల మీద సుంకమును నూటికి 50 వంతులకు, 1933లో 75 వంతులకు పెంచినది. రూపాయికి పౌనుకు మధ్య రేటు మారకున్నను, మూడవ దేశపు నాణెము పడిన మన మగ్గము ఆగవచ్చునని దీనివలన తెలిసినది. 1935లో ఏర్పడిన రిజర్వు బ్యాంకునకు కూడ ఈ 18 పెన్సుల రేటును కాపాడు బాధ్యతను చట్టములోనే వ్రాసిరి.

1949

స్వాతంత్ర్యము వచ్చిన తరువాతను 13 రూపాయల 5 అణాల 4 పైసల రేటే కొనసాగినది. 1949 సెప్టెంబరులో ఇంగ్లాండు తన పౌను విలువను 4.03 డాలర్ల నుండి 2.80 డాలర్లకు తగ్గించగా మనమును వెంటనే అంత తగ్గించితిమి. కాబట్టి పౌను రేటు మారలేదు; డాలరు మాత్రము సుమారు 3 రూపాయల 5 అణాల నుండి 4 రూపాయల 12 అణాలకు పెరిగినది. పాకిస్తాను తగ్గించలేదు. అంతవరకు సమానముగా ఉన్న రెండు రూపాయలలో, వారి నూరు రూపాయలు మన 144 రూపాయలైనవి. దేశవిభజనతో మంచి పత్తి పండు సింధు, పశ్చిమ పంజాబు అటు పోయినవి. వారి రేటును మనము ఒప్పుకొనక పత్తి, జనుము వర్తకము స్తంభించినది. 1951 ఫిబ్రవరి ఒప్పందముతో అది తిరిగి కదిలినది. 1955లో పాకిస్తాను కూడ తగ్గించుటతో రెండు రూపాయలు తిరిగి సమానమైనవి.

1966: లాభము ఎచ్చటికి పోయినది?

1966 జూన్ 6న రూపాయి విలువ తగ్గించబడినది. డాలరు 4 రూపాయల 76 పైసల నుండి 7 రూపాయల 50 పైసలకు, పౌను 13 రూపాయల 33 పైసల నుండి 21 రూపాయలకు పెరిగినవి. కొందరు దీనిని నూటికి 36.5 తగ్గింపు అనిరి, కొందరు 57.5 పెంపు అనిరి. రెండును సరియే. రూపాయి వైపు నుండి చూచిన అది కొనగల డాలర్లు 36.5 వంతులు తగ్గినవి. డాలరు వైపు నుండి చూచిన దాని ధర 57.5 వంతులు పెరిగినది. ఎవరైనను శాతము చెప్పినప్పుడు ఎటువైపు నుండి చెప్పుచున్నారో అడుగవలెను.

చీరాల ప్రాంతమున మన తెలుగు నేతగాండ్రు నేసిన ‘మద్రాసు రుమాళ్ళు’ చిరకాలము లండను వర్తకుల ద్వారా పశ్చిమ ఆఫ్రికాకు పోయెడివి. నైజీరియాలోని కలబరివారు వాటిని ‘ఇంజిరి’ అని పిలిచి పెండ్లిండ్లకు, కర్మలకు వాడుదురు. ఇటువంటి సరుకు నేయు సంఘమునకు ఈ తగ్గింపు వలన ఏమి జరుగునో ఒక లెక్క వేసి చూతము. ఈ అంకెలు ఉదాహరణకు మాత్రమే.

ఒక ఆర్డరు విలువ 300 పౌన్లు అనుకొందము. పాత రేటున 4,000 రూపాయలు. నూలుకు 2,000, దిగుమతి రంగులకు 60 పౌన్లు, అనగా 800, పోగా మజూరీకి, ఖర్చులకు మిగులునది 1,200 రూపాయలు.

రేటు 21 రూపాయలైనది. 300 పౌన్లకు 6,300 రూపాయలు. రంగులకు 1,260, నూలుకు 2,000 పోగా 3,040 మిగులవలెను. కాగితము మీద గొప్ప లాభము! కాని పై ఊరి కొనుగోలుదారుకును లెక్క వచ్చును. “మీకు రూపాయలు ఎక్కువ వచ్చుచున్నవి గదా, ధర తగ్గించుడు” అని 240 పౌన్లకు దింపును. 240 పౌన్లకు 5,040 రూపాయలు. రంగులు, నూలు పోగా 1,780. సన్న నూలునకు మిల్లులు ఈజిప్టు, సూడాను దేశముల పొడుగు పింజె పత్తి వాడెడివి. ఆ పత్తి ధరయు రూపాయలలో పెరుగును. నూలు 2,400 అయిన మిగులునది 1,380. 3,040 కనబడిన చోట చేతికి వచ్చినది పాత 1,200 మీద 180 రూపాయలు. అవి వర్షములు లేక ధాన్యపు ధర పెరిగిన యేండ్లు. ఆ 180 రూపాయలు వంటయింటికే చాలవు.

కథ అంతటితో ఆగలేదు. 1967 నవంబరు 18న ఇంగ్లాండు తిరిగి తన పౌనును 2.80 డాలర్ల నుండి 2.40 డాలర్లకు తగ్గించినది. ఈసారి మనము తగ్గించలేదు. పౌను 21 నుండి 18 రూపాయలైనది. అదే 240 పౌన్ల ఆర్డరును అక్టోబరులో ఒప్పుకొని, డిసెంబరులో డబ్బు తీసికొన్న సంఘమునకు వచ్చునది 4,320 రూపాయలు. రంగులు జర్మనీ మార్కులలో కొన్నవైన వాటి ధర తగ్గదు. 1,260 అట్లే ఉండును. నూలు 2,400. మిగులునది 660 రూపాయలు. గుడ్డ పన్నెలో గాని, నేతలో గాని ఏ లోపము లేదు. పడుగు మగ్గము మీద ఉండగానే మజూరీ సగము కంటె ఎక్కువ ఆవిరియైపోయినది.

తరువాతి కథ

1971 డిసెంబరులో రూపాయిని 18 రూపాయల 97 పైసల ప్రాంతమున పౌనుకు ముడివేసిరి. 1972లో పౌనే నిలకడ తప్పి తేలసాగినది. 1975 సెప్టెంబరులో పౌనుతో ముడి విప్పి, అనేక దేశముల నాణెములు కలిపిన ఒక గంపతో రూపాయిని లెక్కించిరి. 1991 జూలై 1, 3 తేదీలలో రెండు విడతలుగా తగ్గించిరి. 1993 మార్చి నుండి రేటును బజారుకు విడిచిరి. ఆనాడు పౌను 45 రూపాయల ప్రాంతమున ఉండెను. ఇటీవల అది నూరు దాటి ఉన్నది.

ఇప్పుడు ఒక రాత్రి ప్రకటనతో రేటు మారుట లేదు, ప్రతిదినము మారుచున్నది. విపరీతముగా ఊగినప్పుడు రిజర్వు బ్యాంకు డాలర్లు కొని లేక అమ్మి సర్దుచున్నది, అంతే. 2016 జూన్ 23న ఐరోపా కూటమిని విడుతుమని ఇంగ్లాండు ప్రజలు ఓటు వేయగా, మరునాటికే పౌను సుమారు 100 రూపాయల నుండి 93 ప్రాంతమునకు దిగినది. ఆ దినమున నేత పూర్తిచేసి బేలు కట్టిన సరుకునకు నూటికి 7 రూపాయలు పోయినట్లే.

సంఘములు చూచుకొనవలసినవి

1. ఆర్డరు కాగితములో ధర ఏ నాణెములో వ్రాయబడినదో మొదట చూడవలెను. రూపాయలలో వ్రాసిన, పౌను పడినను లేచినను ఆ బాధ కొనుగోలుదారునిది. తరువాత “పౌను పడినది” అని తగ్గించుటకు అతనికి హక్కు లేదు.

2. పౌన్లలో గాని డాలర్లలో గాని వ్రాసిన, ఏ తేదీ రేటు వర్తించునో వ్రాయించవలెను. ఆర్డరు నాటిదా, ఓడకెక్కించిన నాటిదా, డబ్బు బ్యాంకునకు చేరిన నాటిదా? 1920లోను, 1967లోను మునిగినవారు ఈ తేదీల నడుమనే మునిగిరి.

3. పెద్ద ఆర్డరైన, రాబోవు డబ్బునకు ఈనాడే రేటు ఖాయము చేయు ఫార్వర్డు కాంట్రాక్టును గురించి బ్యాంకులో విచారింపవలెను. దానికి కొంత ఖర్చగును. పౌను పెరిగిన ఆ లాభము కూడ ఉండదు. కాని మజూరీ లెక్క నిలుచును.

4. రంగులు, జరీ మొదలైన వాటిలో దిగుమతి ధర మీద ఆధారపడినవి ఎన్నియో వేరుగా లెక్క ఉంచుకొనవలెను. రూపాయి పడినదన్న వార్త వచ్చిన దినమున, గుడ్డ మీద వచ్చునది ఎంత, రంగు మీద పోవునది ఎంత అని ఒక కాగితము మీద వేసి చూచుకొనవలెను.

5. నడుమ ఎగుమతి వర్తకుడున్న, అతనితో ఒప్పందములో ఒక్క వాక్యము చేర్పించవలెను: రేటు తగ్గినప్పుడు మజూరీలో కోత వేయునట్లైన, పెరిగినప్పుడు అదే నిష్పత్తిలో పెంపు ఇవ్వవలెను. అది ఇష్టము లేకున్న రెండును వద్దు. నిలకడ ధర ఇమ్మని అడుగవలెను.

ఈ అయిదింటిలో మిక్కిలి ముఖ్యమైనది కడపటిది. రేటు ఎటు పోవునో పెద్ద పెద్ద కమిటీలే సరిగా చెప్పలేకపోయినవి, మనము చెప్పజాలము. కాని రేటు మారినప్పుడు వచ్చు లాభనష్టములు ఎవరి ఖాతాలో పడవలెనో ముందుగా వ్రాసికొనుట మన చేతిలోని పనియే. లాభములో వాటా లేనివానిపై నష్టము మోపుట ఏ లెక్క ప్రకారమును న్యాయము కాదు. రాబోవు ఆర్డరుల మీద సంతకము చేయుటకు ముందే ప్రతి సంఘపు పాలకవర్గమును ఈ విషయమును చర్చకు తీసికొని, తీర్మానమును మినిట్సు పుస్తకములో వ్రాయించవలెనని కోరుచున్నాము.